ప్రధాన వ్యాపార స్థలం సుంకులమ్మ

ప్రభుత్వం వారి రికార్డు ప్రకారం పోయిన ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా నేను ఒక స్థలాన్ని. మనిషిని కూడానేమో, దాని గురించి రికార్డులో ఏమీ రాయలేదు.

నా పేరు సుంకులమ్మ. తొమ్మిదో తరగతి పాసయ్యాను. మా ఆయన జీన్సు ప్యాంట్లు కుట్టే ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. పెద్దకూతురు నాగవేణిని బళ్ళారిలో ఇచ్చాము. మా ఊరి నుంచి బళ్ళారికి బస్సులో గంట. దారిలో ఒక వంక, వంక మీద బ్రిడ్జి, బ్రిడ్జికి అవతల కర్ణాటక. చిన్నకూతురు హరిత డిగ్రీ చదివి ఇంట్లో ఉంది. నేను భయస్తురాలిని. ఫోను మోగితే ఎవరికో ఏదో అయిందనుకుంటాను. మోగకపోతే అయింది గానీ నాకు చెప్పడం లేదనుకుంటాను.

నాకు వచ్చిన పని బొంతలు కుట్టడం. పాత నూలు చీరలు ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, నాలుగు మడతలుగా పరిచి, పైనుంచి కిందికి చిన్న చిన్న కుట్లు వేసుకుంటూ పోతే పసిబిడ్డకు మెత్తటి బొంత అవుతుంది. హరిత వాటిని ఫోటోలు తీసి ఫోనులో ఉండే అంగడిలో పెట్టింది. మొదటి నెల పదకొండు పోయాయి. ఒక్కొక్కటి పార్సిలు కట్టే ముందు నేను సూదులు లెక్కపెట్టేదాన్ని. సూది తక్కువొస్తే కుట్లన్నీ విప్పేదాన్ని. ఏ ఊళ్ళోనో ఏ బిడ్డకో గుచ్చుకుంటే ఎవరు జవాబు చెప్పాలి?

అంతా బాగానే ఉందని నాకు కాస్త భయంగా ఉన్న రోజుల్లో బళ్ళారి నుంచి ఒక ఆర్డరు వచ్చింది. హరిత ఫోను చూసి నెత్తి గోక్కుంది.

“ఏమైందే?”

“ఏం కాలేదు మా. మన రాష్ట్రంలో అమ్మితే మన అమ్మకానికి ఇప్పటికి ఏ నంబరూ వద్దు. రాష్ట్రం దాటి ఒక్క బొంత పోయినా జీఎస్టీ నంబరు కావల్లంట.”

“బళ్ళారి దాటినట్టా? పొద్దున పోయి టమోటాలు తెచ్చుకుంటామే!”

“దాటినట్టే.”

“మరి మొన్న శ్రీకాకుళానికి పంపితిమి కదా, అంత దూరం?”

“అది లోపలే మా.”

నాకు అర్థం కాలేదు. అర్థం కానిదేదైనా మనల్ని జైలుకు తీసుకుపోయేదే అని నా నమ్మకం. అందుకని ఆ సాయంత్రమే పన్నుల కాగితాలు రాసే బాషా దగ్గరికి పోయాము. బస్టాండు ముందర జిరాక్సు షాపులో ఒక మూల అతని టేబులు. వయసులో చిన్నవాడే గానీ ఊళ్ళో అందరూ ఆడిటరు బాషా అంటారు.

“అక్కా, చాలా సులభం,” అన్నాడు బాషా. “బొంత మన రాష్ట్రంలోనే పోయిందనుకో, పన్ను రెండు ముక్కలు. సగం ఢిల్లీకి, సగం మనకు. రాష్ట్రం దాటిందనుకో, ముక్కలుండవు, ఒకటే ముద్ద. ఆ ముద్ద ఢిల్లీకి పోతాది. బొంత యాడికి చేరిందో ఆ రాష్ట్రానికి ఆడ్నుంచి వాటా వస్తాది.”

“దారిలో బొంత తప్పిపోతే?”

బాషా పెన్ను కింద పెట్టాడు. “యాడ తప్పిపోయిందో చూడల్ల అక్కా. ఇంతవరకు నన్నెవరూ అడగలా.”

దరఖాస్తు వేశాడు. వారం తిరక్కుండా పన్నుల ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు మద్దిలేటి గారు తనిఖీకి వచ్చారు. చేతిలో పలకంత ఫోను. చెప్పులు బయటే విడిచి, గడపలో నిలబడి, ఇల్లంతా ఒకసారి చూశారు. చాప, ట్రంకు పెట్టె, చీరల మూట, గోడకు ఆనించిన మా ఆయన సైకిలు. అంగడి లేదు, గల్లాపెట్టె లేదు.

“సదరు వ్యాపారము ఇచ్చట జరుగుచున్నట్లు ఆనవాళ్ళు కనపడుట లేదు,” అన్నారాయన. మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా ఆయన నోట్లోంచి అలాగే వస్తుంది. “ప్రధాన వ్యాపార స్థలము ఏది? వ్యాపారము దేని మీద నడుచుచున్నది?”

హరితకు నా మీద అభిమానం ఎక్కువ. అది నా వైపు చూసి గర్వంగా చెప్పింది. “వ్యాపారమంతా మా అమ్మ మీదే నడుస్తాంది సార్.”

“ఎవరి మీద?”

“మా అమ్మ మీద సార్.”

“పూర్తిగానా? పాక్షికముగానా?”

“పూర్తిగా సార్. అమ్మ ల్యాకపోతే వ్యాపారమే ల్యాదు.”

ఆయన నన్ను పరిశీలనగా చూశారు. అప్పుడు నా ఒళ్ళో సగం కుట్టిన బొంత ఉంది. మెడ చుట్టూ దారం ఉండ. రొండిన ఆర్డర్ల ఫోను. రవిక అంచుకు నాలుగు సూదులు. ముడిసరుకు, తయారైన సరుకు, యంత్రాలు, ఆఫీసు, అన్నీ నా మీదే ఉన్నాయి. కాదనడానికి లేదు.

“కదలకండి,” అని అక్షాంశ రేఖాంశాలతో సహా నన్ను ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు.

నాలుగో రోజు సర్టిఫికెట్టు వచ్చింది. పదిహేను అంకెలూ అక్షరాల నంబరు. దాని కింద వ్యాపారి పేరు హరిత. దాని కింద, ‘ప్రధాన వ్యాపార స్థలము: శ్రీమతి సుంకులమ్మ, వయస్సు 52’.

హరిత పడీపడీ నవ్వింది. నేను నవ్వలేదు. బాషా కూడా నవ్వలేదు, అందుకని హరిత మధ్యలో ఆపేసింది.

“దిద్దిస్తే సరిపోతాది కదన్నా?” అంది.

“దిద్దొచ్చు. అయితే పాత స్థలం ఉండాదా ల్యాదా అని చూస్తారు. కొత్త స్థలం ఉండాదా ల్యాదా అని చూస్తారు. రెండూ చూసేదాకా నంబరు పక్కన పెడతారు. నంబరు పక్కన పెట్టిన గంటకే ఫోను అంగడోళ్ళు నీ అంగడి మూసేస్తారు. ఎన్ని ఆర్డర్లుండాయి చేతిలో?”

“పద్దెనిమిది.”

ఇంటికి వచ్చి మా ఆయనకు చెబితే అన్నం కలుపుకుంటూ విన్నాడు. “పేరే కదా, రాసుకోనీలే. నువ్వేమన్నా యాడికన్నా పోతావా ఏమి?” అన్నాడు. అది నిజమే. నేనెక్కడికీ పోను. అలా నేను స్థలమయ్యాను.

పదిరోజులకు మద్దిలేటి గారు మళ్ళీ వచ్చారు. స్థలానికి సంబంధించిన పత్రాలు లోపించాయట. బాషాను కూడా పిలిపించాము.

“స్థలమునకు యజమాని ఎవరు?”

మా వైపు ఆడవాళ్ళు మొగుణ్ణి యజమాని అంటారు. ఆ అలవాటు కొద్దీ నేను ఆలోచించకుండా మా ఆయన్ను చూపించాను. “ఆయనే సార్ మా యజమాని.” ఆయన రాసుకున్నారు. మా ఆయన చేత అభ్యంతరం లేదని ఉత్తరం రాయించారు. ‘పై స్థలమును నా కుమార్తె తన వ్యాపారమునకు వాడుకొనుటకు నాకెట్టి అభ్యంతరమూ లేదు. బాడుగ ఏమియు తీసుకొనుట లేదు.’ పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళలో మా ఆయన నా గురించి రాసిన మొదటి ఉత్తరం అదే. అక్షరాలు బాగున్నాయి.

“స్థలమునకు విద్యుత్ సదుపాయము కలదని రుజువు కావలెను.”

అందరం బాషా వైపు చూశాము. బాషా కాసేపు ఫ్యాను వైపు చూశాడు. “అక్కా, పోయిన ఏడు గుండె దడ అని ఆస్పత్రిలో గీతల కాగితం తీయించుకుంటివే, ఉండాదా?”

ఉంది. నేను అలాంటివి పారేయను. మద్దిలేటి గారు ఆ ఈసీజీ కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చూసి, ‘సరఫరా కలదు. హెచ్చుతగ్గులు ఉన్నవి’ అని రాసుకున్నారు.

తర్వాత హద్దులు. నేను నిలబడ్డ చోట నుంచి తూర్పున గ్యాసు పొయ్యి, పడమర యజమాని, ఉత్తరం బీరువా, దక్షిణం ఖాళీ. అప్పుడే పొయ్యి మీద పాలు పొంగబోయాయి, నేను అటు తిరిగాను. ఆయన కోపగించుకోలేదు గానీ చాలా నొచ్చుకున్నారు. “హద్దులు మారినవి,” అని మళ్ళీ మొదటి నుంచి రాశారు.

చివరగా బోర్డు. నంబరు, అంగడి పేరు స్థలం ప్రవేశ ద్వారం దగ్గర అందరికీ కనిపించేలా తగిలించాలట.

“ప్రవేశ ద్వారము ఎచ్చట?”

“నోరు సార్,” అంది హరిత. అది ఎగతాళికే అంది. కానీ పన్నుల ఆఫీసులో ఎగతాళికి వేరే గడి లేదు. ‘ద్వారమునకు ఇరువైపులా తగిలించుట సాధ్యపడనందున దిగువన మెడ యందు’ అని రాశారు. మరుసటి రోజు నుంచి నా తాళిబొట్టు మీద జానెడు బోర్డు వేలాడింది. కూరగాయల కొట్టు దగ్గర వంకాయలు అమ్మే గంగమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చదివింది.

“ఏం సుంకులక్కా, అమ్ముడుపోతాండావా ఏమి? ఎంత చెప్తాండారు?”

“అమ్మకానికి కాదులే. నేను స్థలాన్నంట.”

“ఎన్ని సెంట్లు?” అంది గంగమ్మ.

అవమానంగానే ఉండేది. కానీ ఆ బోర్డు మెడలో ఉంటే కనీసం మనల్ని ఎవరూ పట్టుకుపోరులే అని ఒక ధైర్యం కూడా ఉండేది. అట్లాగే ఉండిపోయేదాన్నేమో. శ్రావణంలో, నెలలు నిండిన నాగవేణి ఫోను చేసింది.

“మా, డాక్టరమ్మ కదలొద్దనింది. బీపీ ఉండాదంట. కాళ్ళు వాచినాయి. బస్సు కాదు కదా, కారు గూడా ఎక్కొద్దంట.”

తొలికాన్పు పుట్టింట్లో కావాలి. దానికోసం నేను మంచం కింద కుంపటి కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. నా గుండె హెచ్చుతగ్గులు మొదలయ్యాయి.

“మా, నువ్వే రావల్ల. పదిరోజుల్లో అయిపోతాదంట. నాకు భయమైతాంది మా.” నాగవేణి చిన్నప్పటి నుంచీ భయం అన్న మాట వాడని పిల్ల. ఇంట్లో ఆ పనంతా నేనే చేసేదాన్ని.

అరగంటలో సంచి సర్దాను. హరిత మాత్రం బాషాకు ఫోను చేసి వచ్చి, సంచి పక్కన కూర్చుంది. “మా, నువ్వు బ్రిడ్జి దాటితే వ్యాపార స్థలం రాష్ట్రం దాటినట్టంట. తనిఖీకి వచ్చినప్పుడు స్థలం ఈడ ల్యాకపోతే నంబరు రద్దంట.” అప్పటికి ఆర్డర్లు నలభై. అది చేతిలో డబ్బు లేకుండా, ఎవర్నీ అడక్కుండా, ఒక సంవత్సరం కష్టపడి నిలబెట్టుకున్న అంగడి. “నువ్వు పో మా,” అంది హరిత. “అంగడి పోతే పోయె.” అని కళ్ళు తుడుచుకుంది. ఇద్దరు కూతుళ్ళు. ఒకరి దగ్గరికి పోతే ఇంకొకరిది పోతుంది.

పెద్దాఫీసరు గారినే అడుగుదామని నేను, హరిత, బాషా పన్నుల ఆఫీసుకు పోయాము. గదిలో ఏసీ, గోడ నిండా బీరువాలు. ఆయన మా ఫైలు మొదటి నుంచి చివర దాకా చదివారు. మధ్యలో నా ఈసీజీ వచ్చినప్పుడు తల పంకించారు.

“చూడండి. భూమి కదలదు. స్థలమనగా భూమిలోని భాగము. కనుక స్థలము కదలదు. తమరు స్థలము. కనుక తమరు కదలజాలరు.”

“నేను కదిలే కదా సార్ ఇక్కడికి వచ్చింది.”

ఆయన కుర్చీలో ముందుకు జరిగి హరిత వైపు తిరిగారు. “అనగా, ముందస్తు అనుమతి లేకుండా ఒక ప్రైవేటు వ్యాపార స్థలమును ప్రభుత్వ కార్యాలయపు ఆవరణలోనికి తెచ్చితిరి. ఈ క్షణమున మా కార్యాలయము మీ వ్యాపార స్థలమునకు ఉత్తరపు హద్దు. దీని పర్యవసానము తెలియునా?”

నాకు తెలుసు. జైలు. నేను లేచి నిలబడి, హద్దు కాస్త దూరం జరిగేలా తలుపు దగ్గరికి పోయి చేతులు జోడించాను.

“సార్, నా బిడ్డకు తొలికాన్పు. బీపీ ఉందంట. నా తోడబుట్టింది కాన్పులోనే పోయింది సార్, బీపీతోనే. అప్పుడు పక్కన మా అమ్మ లేదు. నేను పోవాలి సార్.”

పెద్దాఫీసరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“నేను రాయిని కాదమ్మా. మా అమ్మాయి కాన్పుకు మా ఇంటావిడ కూడా వెళ్ళింది. కాకపోతే ఆమె రిజిస్టరు కాలేదు.”

ఫైలు మళ్ళీ తెరిచారు. చాలాసేపు చదివారు. “స్థలము రాష్ట్రము దాటరాదు. ఇందులో సందేహము లేదు. అయితే,” అని వేలు పైకెత్తారు, “సరుకు దాటరాదని ఎచ్చటా లేదు.”

బాషా కుర్చీలోంచి లేచాడు. అతని ముఖంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. “సార్! యంత్రాన్ని పని నిమిత్తం బయటి రాష్ట్రానికి పంపినట్టు! చలానా మీద! పన్ను ల్యాకుండా!”

“మూడు సంవత్సరములలోగా తిరిగి రావలెను,” అన్నారు పెద్దాఫీసరు గారు.

“రాకపోతే సార్?” అన్నాను నేను.

“రాకపోయిన యెడల, పంపిన నాడే అక్కడివారికి అమ్మినట్లు భావించబడును.”

అంటే మా అల్లుడికి. నేను హరితను చూశాను. అది గోడను చూస్తోంది. నవ్వు ఆపుకుంటోందో ఏడుపు ఆపుకుంటోందో తెలియలేదు.

చలానా ఆఫీసు వరండాలోనే రాశాము. పంపువారు: హరిత. అందుకొనువారు: మా అల్లుడు. సరుకు: కుట్టు యంత్రము, పాతది, ఒకటి. పని వివరము: కాన్పు. గుర్తింపు చిహ్నములు: ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ. బరువు: అరవై ఒక్క కిలోలు. అది రైస్‌మిల్లు కాటా మీద చూశారు. విలువ దగ్గర బాషా ఆగాడు.

“పాత యంత్రానికి ఏటా తరుగు తీయల్ల అక్కా. నీకు యాభై రెండు. అన్నేండ్ల తరుగు తీస్తే ఏమీ మిగల్దు. సున్నా రాయకూడదు గాబట్టి రూపాయి రాద్దాం.”

“మా అమ్మ రూపాయా అన్నా?” అంది హరిత. పెన్ను లాక్కుంది. ఏదో రాసి, నాకు కనపడకుండా మడిచింది. బస్సెక్కాక విప్పి చూసుకున్నాను. నలభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. ఆ రాత్రి ఫోనులో అడిగితే చెప్పింది. “యాభై వేలు దాటితే సరుకు రవాణాకు ఈ-వే బిల్లు అడుగుతారు మా. దానికే ఆగినా.”

బ్రిడ్జి దాకా మద్దిలేటి గారు మోటారు సైకిలు మీద బస్సు వెనకాలే వచ్చారు. బ్రిడ్జి దగ్గర ఆయన పరిధి అయిపోయింది. దిగి, చెయ్యి ఎత్తి, అక్కడే నిలబడ్డారు. మా బస్సు వంక దాటేదాకా ఆయన చెయ్యి దించలేదు. మర్యాదకు ఎత్తారో, ఆపడానికి ఎత్తారో.

బళ్ళారి బస్టాండులో మా అల్లుడు చలానా మీద సంతకం పెట్టాడు. సరుకులో లోపాలుంటే రాయాల్సిన గడి ఒకటి ఉంది. పక్కనే ఉన్న మా వియ్యపురాలు ఆ కాగితం తీసుకుని చదివి, “లోపం రాస్తే ధర తగ్గుతుందా వదినా?” అని అడిగి, ‘ఊరికే బెదరుతుంది’ అని రాయించింది.

ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. రెండు కిలోల ఏడు వందలు. తల్లి కళ్ళు తెరిచేదాకా నేను ఆస్పత్రి వరండాలో ఒక్క చోట కూర్చుని కదల్లేదు. అదొక్క పూట పెద్దాఫీసరు గారు చూసి ఉంటే సంతోషించేవారు. నాగవేణి కళ్ళు తెరిచి, “ఉండావా మా?” అంది. “ఉండాను,” అన్నాను.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. బిడ్డకు బొంత లేదు. చలానా మీద పోయే సరుకు వెంట ఇంకో సరుకు ఉండకూడదని బాషా నా సంచిలోంచి రెండు బొంతలు తీసేయించాడు. అక్కడ కుడదామంటే చలానాలో కాన్పు అని తప్ప కుట్టు అని రాయలేదు. నేను ఊరందరి బిడ్డలకు బొంతలు కుట్టి, నా మనవరాల్ని ఆస్పత్రి పచ్చగుడ్డలో చూసుకుంటూ కూర్చున్నాను. ఆఖరికి అల్లుడు ఫోనులో హరిత అంగడి తెరిచి ఆర్డరు పెట్టాడు. పన్ను ఒకే ముద్దగా కట్టాడు. మా ఇంట్లోంచి గంటలో రావాల్సిన ఆ బొంత హైదరాబాదు పోయి, బెంగుళూరు పోయి, ఐదో రోజుకు వచ్చింది. విప్పి ముందు సూదులు చూశాను. లేవు. మెత్తగా ఉంది. పసిది దాంట్లో చుట్టగానే ఏడుపు ఆపింది.

ఆశ్వయుజంలో తిరిగి వచ్చాను. బస్సు దిగేసరికి మద్దిలేటి గారు కాటాతో సహా సిద్ధంగా ఉన్నారు. యాభై ఏడు కిలోలు. ‘పని జరుగు క్రమములో తరుగు: నాలుగు కిలోలు’ అని రాసుకున్నారు.

“పంపిన సరుకు, తిరిగి వచ్చిన సరుకు ఒక్కటేనని, ఎట్టి మార్పు జరగలేదని సంతకము చేయవలెను.”

పెన్ను పట్టుకున్నాను. రేపు తెలిస్తే? దాచానంటారు. దాచడం ఇంకా పెద్ద నేరం కదా.

“సార్, ఒక మార్పు జరిగింది. పోయేటప్పుడు నేను అమ్మను. ఇప్పుడు అవ్వనయ్యాను.”

ఆయన పెన్ను నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నారు.

మళ్ళీ ఏసీ గది. ఈసారి పెద్దాఫీసరు గారు లావుపాటి పుస్తకం ఒకటి ముందు పెట్టుకున్నారు. “పేరు మారినదా?”

“మారింది సార్. అందరూ అవ్వా అంటున్నారు.”

“స్వభావము?”

“ఇదివరకు ఇద్దరి గురించి భయపడేది సార్,” అంది హరిత. “ఇప్పుడు ముగ్గురి గురించి.”

“వాడుక?”

“పసిదాన్ని ఎత్తుకోవడానికి, నిద్రపుచ్చడానికి సార్,” అన్నాను.

ఆయన పుస్తకం మూసేశారు. “పేరు, స్వభావము, వాడుక, మూడును మారిన యెడల అది పాత సరుకు కాదు. కొత్త సరుకు తయారైనది. కావున అమ్మ అనబడు సరుకు ఇంకను తిరిగి రాలేదు. రికార్డు ప్రకారము ఆమె బళ్ళారియందే ఉన్నది. మూడేళ్ళ గడువు నడుచుచున్నది. తమరు అవ్వ. తమరు మా వద్ద ఏ విధముగాను నమోదై లేరు.” అని, కొంచెం ఆలోచించి, “వెళ్ళవచ్చును,” అన్నారు.

ప్రధాన వ్యాపార స్థలం రాష్ట్రంలో లేనందున హరిత పాత నంబరు రద్దయింది. అంగడి పదహారు రోజులు మూతపడింది. ఆ పదహారు రోజులూ హరిత అన్నం సరిగా తినలేదు. తొమ్మిదిమంది ఆర్డర్లు వెనక్కి తీసుకున్నారు. కొత్త దరఖాస్తు వేసినప్పుడు మద్దిలేటి గారు మళ్ళీ గడపలో నిలబడి వ్యాపారము దేని మీద నడుచుచున్నది అని అడిగారు. హరిత నా వైపు చూడనైనా చూడలేదు. “చాప మీద సార్,” అంది. ఆయన చాపను ఫోటో తీసుకున్నారు. నంబరు వచ్చింది. చాప ఎక్కడికీ పోదు కదా. అయినా నేను దాన్ని ఎత్తి ఊడ్చడం మానేశాను, చుట్టూ ఊడుస్తున్నాను.

నిన్న నాగవేణి ఫోను చేసింది. వెనకాల పసిది ఒకటే ఏడుపు. “మా, దీనికి ఒళ్ళు కాలతాంది. అత్త ఏం కాదులే అంటాది. నాకు కాళ్ళూ చేతులూ ఆడటంలా. నువ్వు వస్తావా?”

అరగంటలో సంచి సర్దాను. హరిత రెండు బొంతలు తెచ్చి అందులో పెట్టి, బాషాకు ఫోను చేసింది. ఈసారి చలానా ఏం రాయాలన్నా అని అడిగింది. బాషా చాలాసేపు ఆలోచించాడట. అమ్మ రికార్డులో ఇప్పటికే బళ్ళారిలో ఉంది, ఉన్నచోటికి పోవడానికి కాగితం రాయలేము అన్నాడు. అవ్వకు అసలు రికార్డే లేదు, లేనిదానికి కాగితం రాయలేము అన్నాడు. ఏ కాగితమూ లేకుండా పోవచ్చు అన్నాడు.

పోవచ్చు. నేను బస్సెక్కి కూర్చున్నాను. కండక్టరు వచ్చాడు. బళ్ళారికి రెండు టికెట్లు అడిగాను.

“రెండెందుకమ్మా? ఒక్కరే కదా ఉండారు.”

“ఒకటి అమ్మకు, ఒకటి అవ్వకు,” అన్నాను. “దారిలో ఎవరన్నా అడిగితే?”